రాత్రి తొమ్మిదిన్నరకి రేడియోలో బెంగాలీ వార్తలు, పగలు విజయవాడ కూడా గరగర: దూరపు మీడియం వేవ్ స్టేషన్లు పట్టాలంటే ఏం కావాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీది భీమవరం దగ్గర పల్లె. అటక మీంచి దించిన పాత మూడు బ్యాండ్ల ట్రాన్సిస్టర్ రాత్రి తిప్పుతుంటే, ముల్లు 650కి 700కి మధ్య ఎక్కడో ఉండగా సరిగ్గా తొమ్మిదిన్నరకి బెంగాలీ వార్తలు మొదలయ్యాయి. పగలేమో విజయవాడ కూడా గరగరలో మునిగిపోతోంది. దూరపు ఏఎం (మీడియం వేవ్) స్టేషన్లు వెతికి వినడం హాబీగా పెట్టుకున్నవాళ్ళు నిజంగా ఉన్నారా, ఉంటే ఏ రేడియో కొనాలి, డాబా మీద పెద్ద ఏరియల్ కట్టాలా, లైసెన్సు కావాలా అన్నారు.

ఉన్నారండి. దీన్ని డీఎక్సింగ్ అంటారు. అమలాపురంలో రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసే షాపు నడిపిన రోజుల నుంచీ నాకు ఈ పిచ్చి ఉంది. షాపు ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు అయింది గానీ పిచ్చి తగ్గలేదు. మీ ప్రశ్నకు నా జవాబు ముందే చెప్పేస్తాను: కొత్త రేడియో ఇప్పుడే కొనకండి, ఏరియల్ కూడా కట్టకండి. మీ సెట్టులో సెల్లులు వేసుకుని ఇంటికి, కరెంటు తీగలకి, చెరువుల షెడ్లకి దూరంగా ఒకసారి పోయి వినండి. రేడియో ధర కంటే మీరు కూర్చున్న చోటు ముఖ్యం. లైసెన్సు అక్కర్లేదు. మీరు విన్నది చాలావరకు ఢాకా అయ్యుంటుంది, కోల్‌కతా కాదు. ఎందుకో కింద చెప్తాను.

ముందు మీ పగటి గరగర సంగతి తేలుద్దాం, ఎందుకంటే అది తేలకుండా మిగతాది చెప్పి లాభం లేదు.

విజయవాడ 837 కిలోహెర్ట్జ్ మీద వంద కిలోవాట్ల కేంద్రం. మీ ఊరికి వంద కిలోమీటర్ల చిల్లర దూరం. మధ్యలో కొండలు లేవు, నేలంతా తడి నేల. పట్టపగలు కూడా అది శుభ్రంగా రావాలి. రావడం లేదంటే మూడు కారణాలు ఉండొచ్చు: సెట్టు ట్యూనింగ్ చెడింది, లేదా ఆ సమయానికి ప్రసారం లేదు, లేదా మీ చుట్టూ కరెంటు గోల ఎక్కువగా ఉంది. ఢాకా వార్తలు పట్టిన సెట్టు కాబట్టి మొదటిదాన్ని పక్కన పెట్టొచ్చు. ప్రసారం ఉందో లేదో ఊళ్ళో ఇంకొకరి రేడియోతో చూసుకోవచ్చు. నా అనుమానమంతా మూడో దాని మీదే.

మీ వైపు అనగానే అందరూ ముందు రొయ్యల చెరువుల ఏరేటర్లని తిడతారు. నేను అలా అనను. ఏరేటర్లు ఎక్కువగా తిరిగేది రాత్రి, తెల్లవారుజామున, నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయే వేళ. గోల వాటిదే అయితే మీకు రాత్రి ఎక్కువ ఉండాలి, పగలు తగ్గాలి. మీకు తిరగబడి ఉంది. పగలు మాత్రమే గోల ఉండి పొద్దు వాలగానే తగ్గిపోతే నేను ముందు అనుమానించేది సోలార్‌ని: డాబా మీద ప్యానెళ్ళ ఇన్వర్టరు, లేదా పక్క చేలో సోలార్ మోటారు కంట్రోలరు. మలికిపురం వైపు ఒక రైతు ఇంట్లో అచ్చం ఇలాగే జరిగింది. రేడియో పాడైందని నా దగ్గరకు మోసుకొచ్చారు. షాపులో బాగానే పలికింది. వాళ్ళింటికి వెళ్ళి చూస్తే, మబ్బు కమ్మినప్పుడు గోల తగ్గుతోంది, ఎండ రాగానే పెరుగుతోంది. ఇన్వర్టరు నుంచి ప్యానెళ్ళకు వెళ్ళే తీగలు పొడుగ్గా, విడివిడిగా వేసేశారు. ఆ తీగలే ఏరియల్ అయిపోయి గోలని ఊరంతా పంచుతున్నాయి. ప్లస్, మైనస్ తీగలు రెండూ కలిపి కట్టి, ఇన్వర్టరు దగ్గర గోలని అడ్డుకునే ఫెర్రైట్ రింగులు తొడిగించాక చాలావరకు తగ్గింది. పూర్తిగా పోలేదు. పూర్తిగా పోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

గోలని పట్టుకోవడానికి మీ రేడియోనే మంచి పనిముట్టు. స్టేషన్ లేని చోట ముల్లు పెట్టి, సెట్టు చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరగండి. ఎక్కడ అరుపు పెరిగితే అక్కడ దొంగ ఉన్నాడు. ఆ తర్వాత మెయిన్ స్విచ్ కట్టేసి మళ్ళీ వినండి. గోల పోతే అది మీ ఇంట్లోదే. ఒక్కొక్క ఫ్యూజు వేసుకుంటూ రండి. నా అనుభవంలో ఎక్కువగా దొరికేవి ఇవి: చవక ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, సెట్‌టాప్ బాక్సు అడాప్టరు, బ్యాటరీ ఇన్వర్టరు, గుండ్రంగా తిప్పే పాతరకం ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటరు. నంబర్లతో టక్కుటక్కుమని తిరిగే స్టెప్ రెగ్యులేటర్లలో ఈ బాధ ఉండదు. ఈ మధ్య వస్తున్న రిమోట్ ఫ్యాన్లు మాత్రం కొన్ని దారుణం.

మెయిన్ కట్టేసినా గోల ఉందంటే అది బయటది. ఒకే తీరుగా బుర్ర్ర్ మంటుంటే కరెంటు లైను. మన తీరం వెంబడి దీనికో ప్రత్యేక కారణం ఉంది. ఎండాకాలమంతా సముద్రపు గాలికి స్తంభాల మీది పింగాణీల మీద ఉప్పు పేరుకుంటుంది. రాత్రి మంచు తడికి ఆ ఉప్పు మీంచి కరెంటు కొంచెం కొంచెం జారి చిన్న చిన్న నిప్పురవ్వలు పుడతాయి. గట్టి వాన ఒకటి పడి పింగాణీలు కడిగేస్తే మర్నాడు బ్యాండంతా తేటగా ఉంటుంది. కాబట్టి వాన వెలిసిన రాత్రి రేడియో తీయడం మర్చిపోకండి. ఏడాది పొడుగునా ఒకే స్తంభం దగ్గర అరుస్తుంటే లైన్‌మన్‌కి చెప్పండి. వదులైన జంపరో, పగిలిన పింగాణీయో అయ్యుంటుంది, వాళ్ళకీ అది తెలియాల్సిన సంగతే.

ఇదంతా ఎందుకింత సాగదీశానంటే, కొత్తవాళ్ళలో చాలామంది గోలలోనే కూర్చుని పెద్ద రేడియో కొంటారు. పెద్ద రేడియో గోలని కూడా పెద్దగానే వినిపిస్తుంది. రైస్ మిల్లు పక్కన కూర్చుని గుసగుసలు వినబడట్లేదని చెవి యంత్రం కొనుక్కున్నట్టు ఉంటుంది ఆ పని.

1996 నవంబరు 6 తుపాను కోనసీమ కొబ్బరిని ఎలా పడగొట్టిందో మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. సుఖంగా చెప్పుకునే కాలం కాదది. కానీ రేడియో మాట వరకే చెప్పాలంటే, అంత నిశ్శబ్దమైన బ్యాండు నేను మళ్ళీ వినలేదు. మామూలు రెండు సెల్లుల పాకెట్ ట్రాన్సిస్టర్‌లో అండమాన్, కటక్, కోల్‌కతా పక్కింటి స్టేషన్లలా వచ్చాయి. అప్పుడే నాకు అర్థమైంది, రేడియోలో లోపం ఎప్పుడూ లేదని. ఇప్పటికీ రాత్రి కరెంటు పోతే మా ఇంట్లో మిగతావాళ్ళు విసనకర్ర వెతుక్కుంటారు, నేను రేడియో వెతుక్కుంటాను.

ఇక రాత్రి ఎందుకు వస్తాయన్న సంగతి. పగలు ఎండకి మన నెత్తి మీద సుమారు 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తున డి పొర అని ఒకటి తయారవుతుంది. మీడియం వేవ్ తరంగాలు పైకి పోతే అది మింగేస్తుంది. అందుకే పగలు నేల వెంబడి పాకి వచ్చేవే మనకు దక్కుతాయి. పొద్దుగూకాక ఆ పొర కరిగిపోతుంది. అప్పుడు తరంగాలు ఇంకా పైనున్న పొరల దాకా వెళ్ళి, అక్కడి నుంచి వంగి వందల కిలోమీటర్ల అవతల దిగుతాయి. పైన ఇలాంటి పొరలు ఉన్నాయని 1924లో ఇంగ్లండులో ఆపిల్టన్ ప్రయోగం చేసి చూపించారు, 1947లో ఆయనకు నోబెల్ వచ్చింది. మన దేశంలో కలకత్తాలో శిశిర్ కుమార్ మిత్ర 1930 ప్రాంతం నుంచే ఈ పొరల మీద పని చేశారు.

చీకటి తూర్పు నుంచి వస్తుంది కాబట్టి సాయంత్రం ముందు తూర్పు స్టేషన్లు లేస్తాయి, తెల్లవారుజామున పడమటివి ఆఖరికి పోతాయి. అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం) మనకంటే ముప్పావు గంట ముందే పొద్దు గూకుతుంది. ఇక్కడ సంధ్యవేళ, హైదరాబాదు ఇంకా ఎండలో ఉండగానే, అటువైపు దారి తెరుచుకుంటుంది. ఆ అరగంట, గంట నాకు రాత్రి మొత్తం కంటే ఇష్టం. అర్ధరాత్రి అన్నీ కలిసి గుంపుగా వస్తాయి. సంధ్యవేళ ఒక్కో స్టేషనూ వరసలో వస్తుంది.

మన గోదావరి డెల్టాకి ఇంకో వరం సముద్రం. ఉప్పునీటికి విద్యుత్తుని మోసే గుణం మంచి తడి నేలకంటే కూడా వంద రెట్లకు పైనే. నేల మీద పాకే తరంగం ఎండు నేల మీద త్వరగా అలిసిపోతుంది, సముద్రం మీద చాలా దూరం వస్తుంది. అంతర్వేది నుంచి చెన్నై గీత గీస్తే దాదాపు 400 కిలోమీటర్లు, అందులో ఎక్కువ భాగం నీళ్ళే. చెన్నై 720 రెండు వందల కిలోవాట్లది. అంతర్వేది ఇసుకలో, ఓడలరేవులో, మీకు దగ్గరైతే పేరుపాలెం బీచిలో పట్టపగలు దాన్ని ప్రయత్నించి చూడండి. తర్వాత ఒడ్డు నుంచి లోపలికి నాలుగైదు కిలోమీటర్లు వచ్చి మళ్ళీ వినండి. తేడా మీకే తెలుస్తుంది. నీళ్ళకి ఎంత దగ్గరగా కూర్చుంటే అంత మంచిది, కారు పార్కింగు దగ్గర కాదు.

మొదట వెతకాల్సినవి. విజయవాడ 837, విశాఖపట్నం 927, హైదరాబాదు 738, కడప 900. ఇవి మన గుర్తురాళ్ళు. వీటితో డయలు మీద ఏది ఎక్కడుందో గుర్తులు పెట్టుకోండి. తర్వాత చెన్నై 720, బెంగళూరు 612, కటక్ 972, కోల్‌కతా 657. ఆ తర్వాత పోర్ట్ బ్లెయిర్ 684, ఢాకా 693, శ్రీలంకలో పుత్తళం నుంచి వచ్చే 882. పుత్తళం వాళ్ళది ట్రాన్స్ వరల్డ్ రేడియో, నాలుగు వందల కిలోవాట్లు, కార్యక్రమాలు మన దేశ భాషల్లోనే ఉంటాయి. దాన్ని మన స్టేషన్ అనుకుని దాటేసేవాళ్ళు చాలామంది. ఒక హెచ్చరిక: ఆకాశవాణి కొన్నేళ్ళుగా మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు ఒక్కొక్కటిగా ఆపుతూ ఎఫ్ఎం వైపు జరుగుతోంది. ఒక ఫ్రీక్వెన్సీ వారం రోజులు వరసగా ఖాళీగా ఉంటే మీ రేడియోని అనుమానించకండి, ఇంటర్నెట్‌లో తాజా మీడియం వేవ్ జాబితాలు ఉంటాయి, చూసుకోండి. 1575 మీద థాయిలాండ్ నుంచి వెయ్యి కిలోవాట్లతో వచ్చే వాయిస్ ఆఫ్ అమెరికా మనకు ఏళ్ళ తరబడి కొండగుర్తులా ఉండేది. 2025 మార్చిలో ఆ సంస్థ ప్రసారాలు దాదాపుగా నిలిచిపోయాక ఆ గుర్తు పోయింది.

ఇప్పుడు మీ బెంగాలీ వార్తలు. మన ఆసియాలో మీడియం వేవ్ స్టేషన్లు 531 నుంచి 1602 దాకా తొమ్మిదేసి కిలోహెర్ట్జ్ ఎడంలో ఉంటాయి. మీరు చెప్పిన 650, 700 మధ్యలో బెంగాలీ వచ్చేవి రెండు: కోల్‌కతా 657, ఢాకా 693. ముల్లు సెట్టులో ఆ తేడా కనిపించదు. కానీ మీరు చెప్పిన టైము ఉంది చూశారూ, అది బంగారం. బంగ్లాదేశ్ గడియారం మనకంటే అరగంట ముందు. మన తొమ్మిదిన్నర వాళ్ళకి సరిగ్గా పది. పెద్ద వార్తలు ఎవరైనా గంట కొట్టినప్పుడే మొదలెడతారు. మనకి అరగంట మీద వార్తలు మొదలైతే బంగ్లాదేశో థాయిలాండో అనుకోండి. గంట మీద అయితే మన దేశమో, శ్రీలంకో, మయన్మారో. శ్రీలంక గడియారం మనదే, మయన్మార్ సరిగ్గా గంట ముందు, థాయిలాండ్ గంటన్నర ముందు. ఇదొక్కటే రుజువు కాదు, ఆకాశవాణి కూడా కొన్ని వార్తలు అరగంట మీద ఇస్తుంది. రేపు రాత్రి అయిదు నిమిషాలు ముందే పెట్టుకుని పేరు చెప్పేదాకా ఆగండి. "బాంగ్లాదేశ్ బేతార్" అంటే ఢాకా, "ఆకాశ్‌బాణి కోల్‌కాతా" అంటే కోల్‌కతా. బెంగాలీ రానక్కర్లేదు, ఆ రెండు మాటలు తెలిస్తే చాలు.

ముల్లు సెట్టులో ఫ్రీక్వెన్సీ కచ్చితంగా కనుక్కోవడానికి మా మెకానిక్కుల చిట్కా ఒకటి ఉంది. చాలా సెట్లలో ఐఎఫ్, అంటే సెట్టు లోపల ప్రతి స్టేషన్‌నీ మార్చుకునే స్థిర ఫ్రీక్వెన్సీ, 455. అంటే మీరు 693 వింటున్నప్పుడు లోపలి ఆసిలేటరు 693కి 455 కలిపి 1148 మీద సన్నగా ప్రసారం చేస్తూ ఉంటుంది. పక్కన ఒక డిజిటల్ రేడియో ఆనించి పెట్టి ఒక్కో కిలోహెర్ట్జ్ తిప్పండి. 1148 దగ్గర గరగర ఒక్కసారిగా అణిగి, మీరు పాత సెట్టు ముల్లు కాస్త కదిపినప్పుడల్లా ఆ చోటు కూడా కదిలితే మీది ఢాకానే. 1112 దగ్గర దొరికితే కోల్‌కతా. సెట్టు మరీ పాతదైతే ఐఎఫ్ 470 దాకా ఉండొచ్చు. విజయవాడ పెట్టి ముందు ఎంత తేడా వస్తోందో చూసుకుంటే ఆ అనుమానం కూడా పోతుంది.

అన్నిటికంటే ముచ్చటైన ఆట పోర్ట్ బ్లెయిర్ 684, ఢాకా 693 మధ్య ఉంది. రెండూ పక్కపక్క గదులు. ఢాకా గట్టిగా వచ్చే రాత్రి అండమాన్ దాని కింద నలిగిపోతుంది. ఇక్కడే మీ రేడియోలోని ఫెర్రైట్ రాడ్డు ఉపయోగపడుతుంది. లోపల నల్లటి కడ్డీ మీద తీగ చుట్టి ఉంటుంది, అదే మీడియం వేవ్ ఏరియల్. సాధారణంగా సెట్టు పొడవునా పడుకుని ఉంటుంది. కడ్డీకి పక్క నుంచి వచ్చే స్టేషన్ గట్టిగా వినిపిస్తుంది, కొస చూసే వైపు స్టేషన్ దాదాపు మాయమవుతుంది. మన డెల్టా నుంచి ఢాకా ఈశాన్యంలో ఉంది, పోర్ట్ బ్లెయిర్ తూర్పుకి కాస్త దక్షిణంగా. సెట్టుని కడ్డీ కొస ఈశాన్యం చూసేలా తిప్పి పెట్టండి. ఢాకా సన్నబడుతుంది, పోర్ట్ బ్లెయిర్‌కి పెద్దగా నష్టం రాదు, ఎందుకంటే అది కొసకి చాలా ఎడంగా ఉంది. ఒక్కోసారి సెట్టుని కొంచెం పైకి వంచితే ఇంకా బాగా కోసుకుపోతుంది. రాత్రి బాగా ముదిరాక ఆకాశం నుంచి దిగే తరంగం దిక్కు మార్చుకుంటూ ఉంటుంది కాబట్టి ఈ కోత నిలవదు. సంధ్యవేళ చేయాల్సిన పని ఇది. ఏ రేడియో కంపెనీ పుస్తకంలోనూ ఇది వివరంగా రాయరు గానీ, ఇది చేతికొచ్చాక మీరు డీఎక్సర్ అయిపోయినట్టే.

గుర్తుపట్టడంలో ఇంకో చిక్కు. మన ఆకాశవాణి కేంద్రాలు చాలా ఒకే సమయానికి ఢిల్లీ వార్తలు రిలే చేస్తాయి. పది ఫ్రీక్వెన్సీల మీద ఒకే గొంతు. అలాంటప్పుడు ఆ వార్తలకు ముందూ వెనకా ఉండే స్థానిక భాష, వ్యవసాయ ధరలు, స్థానిక ప్రకటనలు, కేంద్రం పేరు కోసం కాచుకోవాలి. ఉదయం కేంద్రం తెరిచే వేళ అన్నిటికంటే మంచిది. వాల్టర్ కాఫ్‌మన్ కట్టిన ఆ పాత సంకేత సంగీతం, వందేమాతరం, ఆ వెంటనే కేంద్రం పేరు. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో ఈ వరస వినడానికి దుప్పటి వదిలి లేవచ్చు.

వినిపించిందల్లా నిజం కాదు. విజయవాడ, విశాఖ రెండూ మనకి గట్టి స్టేషన్లు. ఏరియల్ మరీ ఎక్కువైనా, సెట్టు చవకదైనా ఆ రెండూ లోపల కలగలిసి లేని చోట్ల పుట్టుకొస్తాయి. లెక్క తేలికే: 837ని రెట్టింపు చేసి 927 తీసేస్తే 747, 927ని రెట్టింపు చేసి 837 తీసేస్తే 1017. ఆ రెండు చోట్లా రెండు కార్యక్రమాలూ ఒకదాని మీద ఒకటి తెలుగులో వినిపిస్తుంటే అది కొత్త స్టేషన్ కాదు. ఏరియల్ తీగ పీకేయగానే పోతుంది. ఇంకొకటి డీఆర్ఎం, అంటే డిజిటల్ పద్ధతి ప్రసారం. ఆకాశవాణి మీడియం వేవ్‌లో ముప్ఫై అయిదు డిజిటల్ ట్రాన్స్‌మిటర్లు పెట్టింది. మామూలు రేడియోకి అది ఒక ఫ్రీక్వెన్సీ మొత్తం నిండిన హోరులా వినిపిస్తుంది. ఇంట్లో గోల అనుకుని బల్బులు మార్చకండి.

ఇప్పుడు కొనడం గురించి. మీ మూడు బ్యాండ్ల సెట్టు నడుస్తున్నంత కాలం దానితోనే చలికాలం ఒకటి గడపండి. అప్పటికీ ఆసక్తి ఉంటే అంకెలు చూపించే డిజిటల్ పోర్టబుల్ తీసుకోండి. టెక్సన్ పీఎల్-310ఈటీ, పీఎల్-330, ఎక్స్‌హెచ్‌డేటా డీ-808 లాంటివి ఈ పనికి సరిపోతాయి. మూడు విషయాలు చూడండి: తొమ్మిది కిలోహెర్ట్జ్ స్టెప్ పెట్టుకునే వీలు, పక్క స్టేషన్ జొరబడకుండా బ్యాండ్‌విడ్త్ తగ్గించుకునే వీలు, మామూలుగా దొరికే బ్యాటరీ. సంతలో అమ్మే యూఎస్‌బీ, బ్లూటూత్, మెరిసే లైట్లు ఉన్న ఎఫ్ఎం డబ్బాల జోలికి పోకండి. వాటిలో మీడియం వేవ్ పేరుకే ఉంటుంది, వాటి గోల అవే పుట్టించుకుంటాయి. అన్నట్టు, మీ కారు స్టీరియోలో ఏఎం ఉంటే దాన్ని తక్కువగా చూడకండి. బీచిలో ఇంజను ఆపి వింటే చాలా పోర్టబుల్ సెట్ల కంటే నయం.

డాబా మీద పొడుగు తీగ కట్టడం పాత వాల్వు సెట్లకి పనికొచ్చింది, వాటికి ఏరియల్, ఎర్త్ రెండూ కావాలి. మీ ట్రాన్సిస్టర్‌కి పొడుగు తీగ తగిలిస్తే స్టేషన్లతో పాటు ఊరి గోల కూడా లోపలికి వస్తుంది. దాని బదులు చెక్క ఫ్రేము లూపు చేసుకోండి. అరవై సెంటీమీటర్ల చతురస్రం, దాని మీద అర సెంటీమీటరు ఎడంతో పది పదకొండు చుట్లు ఇన్సులేషన్ ఉన్న తీగ, రెండు కొసలకీ మధ్య పాత రేడియోలోంచి తీసిన గ్యాంగు (స్టేషన్లు మార్చడానికి తిప్పే కండెన్సరు), 365 పికోఫారడ్ల వరకు ఉండేది. అంతే. కరెంటు అక్కర్లేదు, రేడియోకి తీగ కలపక్కర్లేదు. రేడియోని లూపు పక్కన, లోపలి కడ్డీ లూపు చుట్లకి అడ్డంగా ఉండేలా పెట్టి గ్యాంగు తిప్పితే ఒకచోట స్టేషన్ ఎగిసిపడుతుంది. గ్యాంగు మొత్తం మూసినా 540 దాకా రాకపోతే ఒక చుట్టు పెంచండి. మొత్తం తెరిచినా 1600 అందకపోతే ఒకటి తగ్గించండి. లూపుకి కూడా దిక్కు ఉంటుంది: అంచు చూసే వైపు స్టేషన్లు గట్టిగా వస్తాయి, ముఖం చూసే వైపువి కోసుకుపోతాయి. పాత గ్యాంగులు తుక్కు సామాన్ల కొట్లలో, మూతపడిన రిపేరు షాపుల డబ్బాల్లో ఇంకా దొరుకుతాయి. రాజమండ్రి, విజయవాడల్లో వెతికితే ఖాళీ చేతుల్తో రారు.

ఎప్పుడైనా తీగ కట్టాలనిపిస్తే ఒక్క సంగతి. రెండు కొబ్బరి చెట్ల మధ్య బిగించి కట్టకండి, గాలికి రెండూ చెరోవైపు ఊగి తెంపేస్తాయి. ఒక కొస వదులుగా ఉంచి బరువు వేలాడదీయండి. కరెంటు లైనుకి పైనా కిందా ఎక్కడా వెళ్ళకూడదు, తెగి పడినా లైను మీద పడని చోటే కట్టాలి. ఉరుము వినిపిస్తే తీగ తీసి బయట పడేయండి. ఇంట్లో వాల్వు సెట్టు కూడా ఉంటే మెకానిక్కుకి చూపించకుండా ప్లగ్గులో పెట్టొద్దు. కొన్నింట్లో ఛాసిస్‌కే కరెంటు ఉంటుంది.

కాలం విషయంలో మనకి రాత్రి పొడవు కంటే పిడుగులు ముఖ్యం. ఏప్రిల్ నుంచి వానలు వెనక్కి తగ్గేదాకా ఎక్కడో ఒకచోట ఉరుములు ఉంటాయి, ఆ చిటపటలు వందల కిలోమీటర్ల నుంచి వచ్చి మీడియం వేవ్‌ని చెడగొడతాయి. నవంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా తీరిగ్గా వినండి. మీరు రాత్రి చెరువు గట్ల మీదకి రేడియో పట్టుకుని వెళ్తే కాపలావాళ్ళకి ముందే చెప్పి వెళ్ళండి. రొయ్యల దొంగ అనుకుంటే మీరు ఢాకా వింటున్నానని చెప్పినా నమ్మరు. టార్చి, బూట్లు కూడా ఉండాలి, గట్ల మీద పాముల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

లైసెన్సు: పూర్వం పోస్టాఫీసులో రేడియోకి ఏటా రుసుము కట్టేవాళ్ళం, అది 1980ల్లోనే ఎత్తేశారు. ప్రసారం చేయాలంటే, అంటే హామ్ రేడియో అయితే, పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవాలి. ఆకాశవాణి, విదేశీ ప్రసారాలు వినడానికి ఏమీ అక్కర్లేదు.

ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. తేదీ, టైము, ఫ్రీక్వెన్సీ, ఏం విన్నారో, ఎంత బాగా విన్నారో రాయండి. ఆ వివరాలు స్టేషన్‌కి పంపితే కొన్ని కేంద్రాలు నిర్ధారణగా క్యూఎస్ఎల్ కార్డు పంపుతాయి. ఆకాశవాణి వాటికి ఢిల్లీ ఆకాశవాణి భవన్‌కి రాయొచ్చు. "మీ స్టేషన్ బాగా వచ్చింది" అని రాస్తే జవాబు రాదు. కనీసం పదిహేను నిమిషాల కార్యక్రమం ఏ నిమిషానికి ఏం వచ్చిందో రాయాలి, నాణ్యతకి సిన్‌పో అంకెలు వేయాలి. అయిదు అంకెలు: సిగ్నల్ బలం, పక్క స్టేషన్ అడ్డు, గోల, ఫేడింగ్, మొత్తం మీద ఎలా ఉంది. ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు మార్కులు, అయిదు అంటే మంచిది. విదేశీ స్టేషన్లకి టైము యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే టైము) రాయండి, మన టైములోంచి అయిదున్నర గంటలు తీసేస్తే అదే. మీ రాత్రి తొమ్మిదిన్నర 16:00 అవుతుంది.

సెల్లులు వేసుకుని బయట విన్నాక పగలు విజయవాడ ఎలా ఉందో, మబ్బు పట్టినప్పుడు ఇంట్లో గోల తగ్గుతోందో లేదో ఇక్కడే రాయండి. చుట్టుపక్కల ఎన్ని ఇళ్ళ మీద సోలార్ ప్యానెళ్ళు ఉన్నాయో కూడా రాస్తే, తర్వాత ఎక్కడ వెతకాలో చెప్తాను.